పొగకు లెక్క అడిగిన సభ
(సభలు నిలదీసిన వేళ – 9వ భాగం)

పోయిన భాగంలో 1858 వేసవి కథ చెప్పుకున్నాం. థేమ్స్ నదిలో పేరుకుపోయిన మురుగు కంపుకు తట్టుకోలేక బ్రిటిష్ పార్లమెంటు కిటికీ తెరలను సున్నపు క్లోరైడులో ముంచి వేలాడదీశారు. ఏళ్ల తరబడి నానుతున్న మురుగు కాలువల వ్యవహారం ఆ ఎండల్లో పద్దెనిమిది రోజుల్లో చట్టమైంది. జోసెఫ్ బజాల్జెట్ అనే ఇంజనీరు చేతికి డబ్బు, అధికారం వచ్చాయి. లండన్ కలరా నుంచి బయటపడే దారి దొరికింది.

ఈ భాగం కథ 94 ఏళ్ల తర్వాతది. ఊరు అదే, నది అదే, సభ అదే. ఈసారి జనం వేలల్లో చనిపోయారు. చట్టం రావడానికి మాత్రం మూడున్నరేళ్లు దాటింది. ఎవరు తాత్సారం చేశారు, ఎందుకు చేశారు, ఎవరు పట్టు వదలకుండా అడిగారు అన్నది చూద్దాం.

ఐదు రోజులు

1952 డిసెంబరు 5, శుక్రవారం. లండన్‌లో చలి ముదిరింది. ప్రతి ఇంట్లోనూ బొగ్గు పొయ్యి ఆరకుండా మండుతోంది. గాలి కదలడం మానేసింది. మామూలు రోజుల్లో నేల దగ్గరి వెచ్చటి గాలి పైకి లేస్తూ పొగను కూడా వెంట తీసుకుపోతుంది. ఆ వారం ఇది తలకిందులైంది. చల్లటి గాలి కిందనే చిక్కుకుంది, దాని మీద వెచ్చటి గాలి పరుచుకుంది. పొగగొట్టాల నుంచి లేచిన పొగ ఆ వెచ్చటి పొరను దాటలేక తిరిగి వీధుల్లోకే దిగింది. బ్రిటిష్ వాతావరణ శాఖ తర్వాత కట్టిన లెక్క ప్రకారం రోజుకు 1,000 టన్నుల మసి రేణువులు, 370 టన్నుల సల్ఫర్ డయాక్సైడు ఆ గాలిలో చేరాయి. మంచు తేమ తగిలి ఆ వాయువు రోజుకు 800 టన్నుల గంధకామ్లంగా మారింది. 80 లక్షలు దాటిన జనాభా ఐదు రోజులపాటు దాన్నే పీల్చింది.

లండన్ వాళ్లకు పొగమంచు కొత్తేమీ కాదు. అందుకే మొదటి రోజు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. శనివారానికి బస్సులు ఆగిపోయాయి. అంతకుముందు కొన్ని బస్సుల ముందు కండక్టర్లు కాగడాలు పట్టుకుని నడిచారు. నేల కింద నడిచే రైళ్లు తప్ప మరేవీ సరిగా కదల్లేదు. అంబులెన్సులు ఆగిపోయాయి, ఊపిరాడనివాళ్లు తంటాలు పడి సొంతంగానే ఆసుపత్రికి చేరుకోవాల్సి వచ్చింది. నదీ తీరపు కార్మికవాడల్లో తమ పాదాలు తమకే కనిపించలేదు. ఎర్ల్స్ కోర్టులో జరిగే స్మిత్‌ఫీల్డ్ పశు ప్రదర్శనకు వచ్చిన బలమైన ఎడ్లు, ఆవులు రొప్పుతూ కూలబడ్డాయి, కొన్నింటిని చంపేయక తప్పలేదు. గోతాలను విస్కీలో తడిపి పశువుల మూతులకు కట్టారని పత్రికలు రాశాయి. సోమవారం రాత్రి సాడ్లర్స్ వెల్స్ నాటకశాలలో సంగీత నాటకం మొదటి అంకంతోనే ఆగిపోయింది. పొగ హాలు లోపలికి కూడా వచ్చేసింది.

మంగళవారం, డిసెంబరు 9న, పడమటి గాలి వీచి పొగను తుడిచేసింది. పత్రికలు ముందు రాసింది రైళ్ల ఆలస్యాల గురించి, దొంగతనాల గురించి, పశువుల గురించి. మనుషుల చావులు ఇళ్లలో, ఆసుపత్రి వార్డుల్లో ఒక్కొక్కటిగా జరిగాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, పసిపిల్లలు, అప్పటికే ఉబ్బసంతోనో గుండెజబ్బుతోనో ఉన్నవాళ్లు. శవపేటికలు చాలడం లేదని అంత్యక్రియలు జరిపించేవాళ్లు, పూలు చాలడం లేదని పూలకొట్లవాళ్లు ముందుగా గ్రహించారు. ప్రభుత్వానికి అర్థం కావడానికి ఇంకా సమయం పట్టింది.

మన పాఠకులకు 1952 డిసెంబరు అంటే గుర్తొచ్చేది వేరు. లండన్‌ను పొగ కమ్మిన ఆ రోజుల్లోనే మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో పొట్టి శ్రీరాములు గారి నిరాహార దీక్ష 50వ రోజు దాటుతోంది. డిసెంబరు 15న ఆయన కన్నుమూశారు. ఢిల్లీలో మన మొదటి లోక్‌సభకు అప్పటికి ఏడాది కూడా నిండలేదు. మంత్రిని నిలబెట్టి ప్రశ్న అడిగే పద్ధతిని మనం వెస్ట్‌మినిస్టర్ నుంచే తెచ్చుకున్నాం. ఆ పద్ధతి అక్కడ ఎంత కష్టం మీద పనిచేసిందో తెలియాలంటే ఈ కథ ఒకటి చాలు.

మంచి బొగ్గు ఓడలకు, దుమ్ము ఇళ్లకు

యుద్ధం గెలిచిన బ్రిటన్ అప్పుల్లో మునిగి ఉంది. 1952లో ఆ దేశపు గనులు 20 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వాయి. అందులో గట్టి రకం, తక్కువ పొగ వచ్చే రకం విదేశీ మారకం కోసం ఎగుమతికి పోయేది. ఇళ్లకు వచ్చే బొగ్గు మీద ఇంకా రేషను ఉంది. యుద్ధం ముగిసి ఏడేళ్లయినా లండన్ ఇల్లాలు బొగ్గు బండి వచ్చే రోజు కోసం ఎదురుచూసేది.

ఇలాంటి పరిస్థితిలో ప్రభుత్వం ఒక ఉపాయం వేసింది. గనుల దగ్గర గుట్టలుగా పడి ఉన్న చూర బొగ్గును, చిన్న చిన్న పలుకులతో కలిసిన దుమ్మును, ‘నటీ స్లాక్’ పేరుతో ఇళ్లకు అమ్మించింది. రేషను లేకుండా ఎంతైనా కొనుక్కోవచ్చని ప్రకటించింది. ఆ సడలింపు అమల్లోకి వచ్చింది 1952 డిసెంబరు 1న, పొగ కమ్మడానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు. బియ్యం అమ్ముకుని నూకలు వండుకున్నట్టు, బ్రిటన్ మంచి బొగ్గు ఓడలకెక్కించి దుమ్ము తన పిల్లల ముందు కాల్చింది. ఆ దుమ్ము సరిగా మండదు, వేడి తక్కువ, పొగ ఎక్కువ. రెండు గదుల్లో ఆరుగురు కాపురముండే తూర్పు లండన్‌కు అది చౌకగా దొరికిన వెచ్చదనం. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

పొగ తయారుచేసినవి ఇళ్లే కాదు. థేమ్స్ ఒడ్డున బాటర్‌సీలాంటి విద్యుత్ కేంద్రాలు ఊరి నడిబొడ్డునే ఉండేవి. బాటర్‌సీ కట్టేటప్పుడే, 1929 ప్రాంతంలో, దాని గంధకపు పొగ గురించి పార్లమెంటులో అలజడి రేగింది. అందుకని అక్కడ పొగను నీళ్లతో కడిగే ఏర్పాటు పెట్టారు. కడిగిన పొగ చల్లబడి పైకి లేవక చుట్టుపక్కలే దిగేది. రైలు ఇంజన్లు, ఫ్యాక్టరీలు, బేకరీలు కూడా బొగ్గు మీదే నడిచాయి. అయినా చలికాలపు మసిలో దాదాపు సగం ఇళ్ల పొయ్యిలదే.

ఇంటి పొయ్యి జోలికి పోవడానికి ఆ దేశంలో ఏ ప్రభుత్వమూ సాహసించలేదు. ఆ చరిత్ర పొడుగైనది. 1661లో జాన్ ఈవిలిన్ లండన్ పొగ మీద ఒక పుస్తకం రాసి రాజు రెండో చార్లెస్‌కు సమర్పించాడు. 1840లలో విలియం మెకినన్ అనే సభ్యుడు పొగ మీద బిల్లు వెనక బిల్లు తెచ్చాడు. ఫ్యాక్టరీ యజమానులు, గని యజమానులు నిండిన సభ ఒక్కొక్కటే తిప్పికొట్టింది. 1853లో పామర్‌స్టన్ హోం మంత్రిగా ఉండి లండన్ కొలుముల మీద ఒక చట్టం తేగలిగాడు. 1926లో మరో చట్టం వచ్చింది. అన్నిటిలోనూ ఇంటి పొయ్యిని వదిలేశారు. మండే నిప్పు చుట్టూ కుటుంబం కూర్చోవడం ఇంగ్లీషువాళ్లకు ఇల్లు అనే భావనలో భాగం. జార్జ్ ఆర్వెల్‌ లాంటి రచయిత కూడా 1945లో ఇంటి నిప్పును సమర్థిస్తూ వ్యాసం రాశాడు. ఓట్లడగడానికి ఆ ఇళ్లకే వెళ్లాల్సిన రాజకీయ నాయకుడు నీ పొయ్యి ఆర్పు అని ఎలా చెబుతాడు?

పొగ మనుషులను చంపుతుందని అప్పటికే తెలుసు. 1930లో బెల్జియంలోని మ్యూజ్ లోయలో 60 మందికి పైగా చనిపోయారు. 1948లో అమెరికాలోని డొనోరా పట్టణంలో 20 మంది పోయారు. బ్రిటన్‌లో పొగ నివారణ సంఘం వాళ్లు ఏళ్ల తరబడి కరపత్రాలు పంచుతూనే ఉన్నారు. తెలియకపోవడం వల్ల జరిగిన ఘోరం కాదిది.

ఒక అంకె బయటపడింది

క్రిస్మస్ సెలవులకు సభ మూతపడబోయే ముందు ఆరోగ్య మంత్రి ఇయాన్ మెక్లాయిడ్ ఒక ప్రశ్నకు జవాబుగా అంకెలు చదివాడు. డిసెంబరు 13తో ముగిసిన వారంలో గ్రేటర్ లండన్‌లో మొత్తం మరణాలు 4,703. అంతకుముందు ఏడాది అదే వారంలో 1,852.

మంత్రి జవాబులో విశేషణాలు లేవు, విచారణ హామీ కూడా లేదు. కాని ఒకసారి సభ రికార్డులోకి ఎక్కిన అంకెను వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. ప్రశ్నోత్తరాల సమయం అన్న ఏర్పాటు విలువ నాకు అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఇక్కడే. అడగకపోయి ఉంటే ఆ రెండు అంకెలు ఏదో కార్యాలయంలో, వేరువేరు రిజిస్టర్లలో, ఒకదాని పక్కన ఒకటి చేరకుండానే ఉండిపోయేవి.

ఆ తర్వాత మొదలైంది అసలు పోరు. చర్చిల్ ప్రభుత్వానికి సభలో ఉన్న ఆధిక్యం 17 స్థానాలు. పొగ మీద చట్టాల బాధ్యత గృహనిర్మాణ, స్థానిక పాలన మంత్రి హెరాల్డ్ మాక్‌మిలన్‌ది. బొగ్గు ఇంధన శాఖ మంత్రి జెఫ్రీ లాయిడ్‌ది. చావుల లెక్క మెక్లాయిడ్‌ది. పొగ కొలిచే పరిశోధన ఇంకో విభాగానిది. సభ్యుడు ఎవరిని అడిగినా ఇంకొకరి వైపు చూపించే వీలుంది. మాక్‌మిలన్ మనసంతా ఏడాదికి మూడు లక్షల ఇళ్లు కట్టిస్తామన్న వాగ్దానం మీద ఉంది. ఆయన రాజకీయ భవిష్యత్తు ఆ అంకె మీదే ఆధారపడింది, తర్వాత ఆయన ప్రధాని కూడా అయ్యాడు. కొత్త ఇళ్లలో బొగ్గు పొయ్యి వద్దంటే ఖర్చు పెరుగుతుంది, లక్ష్యం వెనకబడుతుంది.

ఆయనను వదలకుండా వెంటాడినవాడు నార్మన్ డాడ్స్. లండన్‌కు తూర్పున, థేమ్స్ దిగువన ఉన్న డార్ట్‌ఫర్డ్ నుంచి గెలిచిన లేబర్ సభ్యుడు, సహకార ఉద్యమం నుంచి వచ్చినవాడు. 1950, 1951 ఎన్నికల్లో ఆయన చేతిలో ఓడిన కన్సర్వేటివ్ అభ్యర్థి మార్గరెట్ రాబర్ట్స్ అనే యువతి, తర్వాతి కాలపు మార్గరెట్ థాచర్. డాడ్స్ నియోజకవర్గంలో విద్యుత్ కేంద్రం ఉంది, చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ఓటర్ల ఇళ్ల మీద పడే దుమ్ము ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1953 జనవరి 27న సభలో కొత్త చట్టం తెస్తారా అన్న ప్రశ్న వచ్చింది. ఇప్పటికి మరో చట్టం అవసరమని తాను అనుకోవడం లేదని, ఉన్న అధికారాలు చాలునని మాక్‌మిలన్ చెప్పాడు. డాడ్స్ లేచాడు. 1952 ఏడాది మొత్తం మీద దేశమంతటా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లకన్నా, ఒక్క నెలలో ఒక్క లండన్‌లో గాలి పీల్చి చనిపోయినవాళ్లు ఎక్కువని మంత్రికి తెలుసా, బహిరంగ విచారణ ఎందుకు జరిపించరు అని నిలదీశాడు. విశాలమైన ఆర్థిక విషయాలు కూడా ఆలోచించాలి, వాటిని పట్టించుకోకపోవడం తెలివితక్కువతనం అన్నది మంత్రి జవాబు సారాంశం.

ఆ జవాబులోని భయం అర్థం చేసుకోదగిందే. బొగ్గు మీద పరిమితి పెడితే పరిశ్రమ ఖర్చు పెరుగుతుంది. పొగ లేని ఇంధనం, అంటే కోక్ లాంటిది, దేశమంతటికీ చాలినంత లేదు. పొయ్యిలు మార్చాలంటే డబ్బు ఎవరిస్తారు? ఇవి నిజమైన చిక్కులే. కాని చిక్కులున్నాయి కాబట్టి విచారణే వద్దనడం వేరు సంగతి. దాన్ని డాడ్స్ ఒప్పుకోలేదు. మాల్డన్ సభ్యుడు టామ్ డ్రిబర్గ్, బ్రిక్స్‌టన్ సభ్యుడు మార్కస్ లిప్టన్ ఆయనతో గొంతు కలిపారు. ఒక ప్రశ్నకు జవాబు తప్పించుకుంటే అనుబంధ ప్రశ్న, అదీ తప్పించుకుంటే వచ్చే వారం మరో ప్రశ్న. మే నెలలో డాడ్స్ ఈ విషయం మీద సభలో చర్చే పెట్టించాడు. జవాబు చెప్పడానికి సహాయ మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ రావాల్సి వచ్చింది. జూలైలో ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది.

అదే ఏడాది మాక్‌మిలన్ మంత్రివర్గ సహచరులకు ఒక రహస్య పత్రం రాశాడు. దశాబ్దాల తర్వాత అది బయటికొచ్చింది. ప్రతి సమస్యనూ ప్రభుత్వమే తీర్చాలని జనం ఈ రోజుల్లో ఎదురుచూస్తున్నారు, పొగ ఎందుకో పత్రికలకూ జనానికీ బాగా పట్టింది, మనం చేయగలిగింది ఎక్కువ లేదు, కాని చాలా పని చేస్తున్నట్టు కనపడగలం, ఈ కాలంలో సగం పని అదే అన్నది దాని భావం. అప్పటికి కుటుంబాలు తమవాళ్లను పాతిపెట్టి ఏడాది కూడా కాలేదు. ఆ పత్రం గురించి చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇక చావుల లెక్క. డిసెంబరు పొగ వల్ల అదనంగా దాదాపు 4,000 మంది చనిపోయారని ఆరోగ్య శాఖ ఒప్పుకుంది. కాని తర్వాతి నెలల్లోనూ, మార్చి దాకా, మరణాలు మామూలు స్థాయికి దిగలేదు. వాటిని ఫ్లూ జ్వరం ఖాతాలో రాశారు. అర్ధశతాబ్దం గడిచాక, 2004లో, అమెరికన్ పరిశోధకులు పాత రికార్డులు మళ్లీ తిరగేసి ఫ్లూ ఒక్కటే అన్ని చావులకు కారణం కాలేదని, మొత్తం సంఖ్య 12,000 దాకా ఉంటుందని తేల్చారు. వేల ప్రాణాల బాధ్యత ఏ గడిలో పడుతుందన్నది గుమాస్తా రాసే ఒక్క పదం మీద ఆధారపడింది. 1953 చివర్లో గుండె, ఊపిరితిత్తుల రోగులకు ప్రభుత్వ వైద్యం కింద ముసుగులు ఇవ్వొచ్చని మెక్లాయిడ్ అనుమతించాడు. ఆ పలుచటి గుడ్డ సల్ఫర్ వాయువును ఆపదని డాక్టర్లకు తెలుసు.

ఇంజనీరు, మీసాల సభ్యుడు

కాలయాపన కోసం వేసిన సంఘం ప్రభుత్వం అనుకున్నట్టు నడవలేదు. దాని అధ్యక్షుడు సర్ హ్యూ బీవర్, వృత్తిరీత్యా ఇంజనీరు, గిన్నిస్ కంపెనీకి మేనేజింగ్ డైరెక్టరు. ప్రపంచ రికార్డుల పుస్తకం ఆలోచన కూడా ఆయనదే. కర్మాగారాలు కట్టించిన మనిషి కాబట్టి పరిశ్రమ చెప్పే సాకుల్లో నిజమెంతో ఆయన తూచగలడు. 1953 డిసెంబరులో, అంటే మొదటి వర్ధంతి నాటికే, మధ్యంతర నివేదిక ఇచ్చాడు. 1954 నవంబరులో తుది నివేదిక వచ్చింది.

బీవర్ చేసిన పెద్ద పని, మంత్రి చెప్పిన ఆర్థిక వాదాన్ని ఆర్థిక లెక్కలతోనే ఎదుర్కోవడం. కాలుష్యం వల్ల దేశానికి ఏడాదికి 25 కోట్ల పౌండ్ల నష్టమని ఆయన సంఘం లెక్క కట్టింది. మాసిన బట్టల ఉతుకు, తుప్పుపట్టిన ఇనుము, గోడలకు మళ్లీ మళ్లీ వేసే రంగు, జబ్బుపడి పోగొట్టుకున్న పనిదినాలు, సరిగా మండక పొగగొట్టం గుండా ఎగిరిపోయిన బొగ్గు, అన్నీ అందులో చేరాయి. లండన్ ఇల్లాలు ఆరేసిన దుప్పటి మీద మసి పడితే మళ్లీ ఉతుక్కునేది. ఆ రెండో ఉతుకు కూడా ఈ నష్టం లెక్కలోకి వచ్చింది. జనం కిక్కిరిసిన ప్రాంతాల్లో పది పదిహేనేళ్లలో పొగను 80 శాతం తగ్గించాలని, దాని కోసం ఇళ్ల పొయ్యిలను కూడా చట్టం కిందికి తేవాలని, మార్పిడి ఖర్చులో పెద్ద భాగం ప్రజాధనం నుంచే ఇవ్వాలని సంఘం చెప్పింది. సాధ్యం కాదనేవాళ్లకు చూపించడానికి కోవెంట్రీ, మాంచెస్టర్ పట్టణాలున్నాయి. అక్కడ నగరపాలికలు సొంత చట్టాలతో పొగ లేని మండలాలు అప్పటికే మొదలుపెట్టేశాయి.

నివేదిక వచ్చింది. ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంటూ బిల్లు మాత్రం తేలేదు. అప్పుడు రంగంలోకి దిగింది పాలకపక్షానికే చెందిన వెనుక బెంచీ సభ్యుడు, జెరాల్డ్ నబారో.

చిన్న దుకాణదారు కొడుకు, చదువు తొందరగా ఆగిపోయి, సైన్యంలో పనిచేసి, వ్యాపారంలో పైకొచ్చినవాడు. తివాచీలు నేసే కిడర్‌మిన్‌స్టర్ పట్టణం నుంచి 1950లో గెలిచాడు. పొడవాటి మెలిపెట్టిన మీసాలు, పెద్ద గొంతు. ఇంధనం వృథా కావడం అన్నా, సరిగా కాల్చకపోవడం అన్నా ఆయనకు చికాకు. 1957లో ఫ్యాక్టరీ భవనాల నుంచి వేడి పోకుండా ఆపే చట్టం కూడా ఆయన చొరవతోనే వచ్చింది. ప్రైవేటు సభ్యుల బిల్లుల కోసం చీటీలు తీస్తే ఆయనకు ముందు వరస దక్కింది. ఆ అవకాశాన్ని స్వచ్ఛమైన గాలి బిల్లుకు వాడుకున్నాడు. బీవర్ సిఫార్సులను దాదాపు పూర్తిగా బిల్లు రూపంలో పెట్టాడు. 1955 ఫిబ్రవరి 4న అది రెండో పఠనానికి వచ్చింది.

మంత్రికి ఇరకాటం వచ్చిపడింది. మాక్‌మిలన్ వేరే శాఖకు వెళ్లాడు, ఆ కుర్చీలో డంకన్ శాండిస్ ఉన్నాడు. బిల్లు తెచ్చింది సొంత పార్టీవాడు. మద్దతిస్తోంది ప్రతిపక్షం. వేల మంది చనిపోయిన ఊళ్లో కూర్చుని దాన్ని ఓడించడం కష్టం, గెలిపిస్తే ఖర్చు ప్రభుత్వం మీద పడుతుంది. ప్రభుత్వమే సమగ్రమైన బిల్లు తెస్తుందని శాండిస్ మాటిచ్చాడు. ఆ మాట రికార్డయ్యాక నబారో తన బిల్లు వెనక్కి తీసుకున్నాడు. మధ్యలో చర్చిల్ దిగిపోయి ఈడెన్ ప్రధాని అయ్యాడు, ఎన్నికలొచ్చాయి, వాగ్దానం మాత్రం గాలికి పోలేదు. డాడ్స్ ప్రశ్నలు, బీవర్ లెక్కలు, నబారో బిల్లు ఒకదాని మీద ఒకటి పడ్డాక తప్పించుకునే సందు మిగల్లేదు. 1955 జూలైలో ప్రభుత్వ బిల్లు సభ ముందుకు వచ్చింది. 1956 జూలై 5న రాణి ఆమోదముద్ర పడి చట్టమైంది.

పొయ్యి దాకా వచ్చిన చట్టం

క్లీన్ ఎయిర్ చట్టం పొగగొట్టాల నుంచి నల్లటి పొగ వదలడాన్ని నేరం చేసింది. స్థానిక సంస్థలు తమ పరిధిలో పొగ నియంత్రణ ప్రాంతాలు ప్రకటించవచ్చు. అక్కడ పొగలేని ఇంధనమే వాడాలి. పొయ్యి మార్చుకునే ఖర్చులో 40 శాతం కేంద్ర ఖజానా, 30 శాతం స్థానిక సంస్థ భరిస్తాయి, ఇంటివాళ్లు 30 శాతం పెట్టుకోవాలి. నిషేధం ఒక్కటే పెట్టి వదిలేసి ఉంటే బీదవాళ్లు చలికి వణికేవాళ్లు. ఈ 70 శాతం సాయమే చట్టాన్ని ఇళ్లలో నిలబెట్టిందని నా నమ్మకం.

లోపాలూ ఉన్నాయి. ఫ్యాక్టరీలకు ఏడేళ్ల దాకా గడువు దొరికింది. చేయగలిగినంత చేశామని చూపిస్తే తప్పించుకునే వెసులుబాటు మిగిలింది. అన్నిటికన్నా పెద్ద లోపం, మసి మీద గురిపెట్టిన చట్టం కంటికి కనపడని సల్ఫర్ డయాక్సైడును దాదాపు వదిలేసింది. గని ప్రాంతాల పట్టణాలు నియంత్రణ ప్రకటించడానికి చాలాకాలం ముందుకు రాలేదు. అక్కడి కార్మికులకు జీతంలో భాగంగా ఇంటికి బొగ్గు వచ్చేది, దాన్ని వదులుకోమంటే జీతం కోసినట్టే. 1962 డిసెంబరులో మళ్లీ పొగ కమ్మి లండన్‌లో వందల మంది చనిపోయారు.

అయినా ఊరి రంగు మెల్లగా మారింది. ఒక్కొక్క వీధిలో పొయ్యిలు పోయి గ్యాసు, విద్యుత్తు వచ్చాయి. 1965లో ఉత్తర సముద్రంలో సహజవాయువు బయటపడ్డాక ఆ మార్పు వేగం అందుకుంది. చలికాలంలో లండన్ మీద పడే ఎండ గంటలు పెరిగాయి. నల్లటి గోడలను కడిగితే లోపలి రాయి తెల్లదని కొత్త తరానికి తెలిసింది.

బొగ్గు కాల్చడం మీద సభ ఇలా ఒక నిర్ణయానికి వచ్చింది. తవ్వగా మిగిలిన వ్యర్థం సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. 1947లో జాతీయం చేసిన గనులను నడుపుతున్నది ప్రభుత్వ సంస్థ నేషనల్ కోల్ బోర్డు. దక్షిణ వేల్స్‌లో అబర్‌ఫాన్ అనే గని ఊరికి పైన, కొండవాలు మీద ఆ బోర్డు రాళ్లూ బురదా కుప్పపోస్తోంది. కింద పాంట్‌గ్లాస్ బడి ఉంది. ఆ కుప్ప బడి మీదికి జారుతుందేమోనని స్థానిక సంస్థ ఇంజనీరు 1963లోనే బోర్డుకు ఉత్తరాలు రాశాడు. 1966 అక్టోబరు 21 పొద్దున అదే జరిగింది. 144 మంది చనిపోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. ఆ ఉత్తరాలు ఎక్కడ ఆగిపోయాయి, బోర్డు అధ్యక్షుడు లార్డ్ రాబెన్స్ తన కుర్చీ ఎలా నిలుపుకున్నాడు, మిగిలిన కుప్పలు తొలగించడానికి బాధితుల సహాయ నిధి నుంచే 1,50,000 పౌండ్లు తీసుకోవడానికి ప్రభుత్వానికి మనసెలా ఒప్పింది, ఆ సొమ్ము తిరిగి ఊరికి చేరడానికి 1997 దాకా ఎందుకు పట్టింది అన్నది వచ్చే భాగంలో.